లైసెన్సు పిస్తోలు ఉన్న పొరుగువారిపై ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక అపార్ట్‌మెంటులో మేము అద్దెకు ఉంటున్నాము. పై అంతస్తులోని ఒక వ్యాపారికి లైసెన్సు పిస్తోలుతో పాటు పోలీసు గన్‌మన్ కూడా ఉన్నారు. గన్‌మన్ మర్యాదస్తుడే గాని, ఇరుకైన లిఫ్టులో ఆయన భుజాన వేలాడే కార్బైన్ (పొట్టి తుపాకీ) గొట్టం సరిగ్గా మా రెండో తరగతి పాప ముఖానికి ఎదురుగా ఉంటుంది. పాప ఇప్పుడు మెట్లెక్కే వస్తోంది. అంతకంటే ఆ వ్యాపారి తీరే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది. మెయింటెనెన్సు బకాయిల మీద వాదన జరిగిన సమావేశంలో ఆయన పిస్తోలు తీసి, బల్ల మీద లెక్కల పుస్తకం పక్కన పెట్టారు. ఎవరినీ బెదిరించలేదు, బెదిరించవలసిన అవసరమూ రాలేదు; ఆ తరువాత బకాయిల మాట ఎవరూ ఎత్తలేదు.

1959 ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత దృష్ట్యా లైసెన్సును నిలిపివేయవచ్చుననీ, 2016 ఆయుధాల నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్తోలును ఒరలో గాని, అటువంటి తొడుగులో గాని ఉంచుకోవాలనీ చదివాను. అపార్ట్‌మెంటు సమావేశపు గది బహిరంగ ప్రదేశం కిందికి వస్తుందా? పోలీసు కమిషనర్ గారికి అర్జీ ఇస్తే మా పేర్లు ఆ వ్యాపారి దాకా వెళ్లకుండా ఉంటాయా? గన్‌మన్ లిఫ్టు వాడకం గురించి అపార్ట్‌మెంటు సంఘం తీర్మానం చేయవచ్చా? ఇటువంటి వ్యవహారం నడిపిన న్యాయవాదులు గాని, విశ్రాంత పోలీసు అధికారులు గాని దయచేసి తెలుపగలరు.