రోడమిన్ పెడితే కాయిన్సిడెన్సులు పడిపోతున్నాయి, జంట ఫోటాన్ల శోషణే అంటారా?

కపిలతీర్థం_405
అందరికీ నమస్తే. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్. 405 నానోమీటర్ల పంపు లేజర్, దాని ఫోటాన్‌ని రెండుగా చీల్చే బీబీవో స్ఫటికం, 810 నానోమీటర్ల ఫోటాన్ జంటలు. జంటలు వెళ్లే దారిలో రోడమిన్ 6జీ అనే రంగు ద్రావణమున్న క్యూవెట్ (చిన్న గాజు పాత్ర) పెడితే సింగిల్స్ (ఒక్కో డిటెక్టర్ లెక్క) పది శాతం దాకా తగ్గాయి, కాయిన్సిడెన్సులు (రెండు డిటెక్టర్లూ ఒకేసారి పట్టిన లెక్క) ఇరవై శాతం దాకా తగ్గాయి. పంపు పవర్ పెంచితే ఈ తగ్గుదల సరళరేఖలో పెరుగుతోంది. అణువు రెండు ఫోటాన్లనూ ఒకేసారి మింగుతోందని రాయొచ్చా? ఇంకో రెండు సందేహాలు: వానల్లో బీబీవోని ఎలా కాపాడుకుంటున్నారు? ఈ ఫీల్డులో పీహెచ్‌డీకి ఎక్కడ బాగుంటుంది? వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

శ్రీకాళహస్తి_స్పెక్ట్రా
రాయొద్దు నాయనా. స్పెక్ట్రోస్కోపీలోనే తల నెరిసింది నాకు. నీ అంకెలే సమాధానం చెబుతున్నాయి. మామూలు నష్టం పది శాతం ఉంటే ఒక్కో ఫోటాన్ దాటే అవకాశం 0.9. జంటలో రెండూ దాటాలంటే 0.9 × 0.9, అంటే 0.81. సింగిల్స్‌లో పది పోతే కాయిన్సిడెన్సుల్లో పంతొమ్మిది పోవాల్సిందే. నీకు వచ్చింది అదే కదా! రోడమిన్ కలపకుండా ఉట్టి మిథనాల్ పోసి కొలిచావా? గాజు బయటి గోడలు రెండూ చెరో నాలుగు శాతం వెలుతురును వెనక్కి కొడతాయి.

పుత్తూరు_పీజీ
సార్, మీరు సరళరేఖ సంగతి వదిలేశారు. మామూలు రెండు ఫోటాన్ల శోషణ తీవ్రత వర్గంతో పెరుగుతుంది. చిక్కుపడ్డ (ఎంటాంగిల్డ్) జంటలు ఒకేసారి వస్తాయి కాబట్టి జంటల సంఖ్యతో నేరుగా పెరుగుతుంది. 1989, 1990లలోనే ఈ సిద్ధాంతం వచ్చింది. అబ్బాయి చూసింది అదే. పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి.

శ్రీకాళహస్తి_స్పెక్ట్రా
ఎవరి ఉత్సాహం మీదా నీళ్లు చల్లడం లేదు. చెదిరిపోయే వెలుతురు కూడా సరళరేఖలోనే పెరుగుతుంది, గాజు వెనక్కి కొట్టేదీ అంతే. సరళరేఖ చూపించి శోషణ అంటే ఎలా? ఇదే రోడమిన్ మీద పెద్ద పెద్ద విలువలు అచ్చయ్యాయి. 2021లో కొలరాడోలోని బౌల్డర్ బృందం జాగ్రత్తగా కొలిస్తే ఆ సంకేతమే దొరకలేదు, గరిష్ఠ హద్దులు మాత్రం ఇవ్వగలిగారు. రోడమిన్ లాంటి కొన్ని రంగు పదార్థాల్లో ఇంకో చిక్కు ఉంది. గది వేడికి కొన్ని అణువులు ముందే పై కంపన మెట్టు మీద ఉంటాయి, వాటికి ఒక్క ఫోటాన్ చాలు. అదీ సరళరేఖే.

గాదంకి_గ్రీన్‌లేజర్
మా వైపు లైడార్ (లేజర్‌తో ఆకాశాన్ని కొలిచే పరికరం) పనిలో రాత్రంతా ఫోటాన్లు లెక్కపెట్టడమే. 532 నానోమీటర్ల ఆకుపచ్చ పల్స్ పైకి పంపి, తిరిగొచ్చే నాలుగు ఫోటాన్లు పట్టుకోవాలి. డిటెక్టర్‌కి పవర్ ఉండగా గదిలో లైటు వేయొద్దు, అందులోని అవలాంచ్ డయోడ్ పాడైపోతుంది. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. కరెంటు పోయి ఏసీ ఆగితే ఫైబర్ కప్లింగ్ (వెలుతురు ఫైబర్‌లోకి దూరే అమరిక) జారుతుంది, సింగిల్స్ వాటంతటవే పడతాయి. క్యూవెట్ పెట్టకముందు, తీసేశాక కూడా కొలిచారా?

క్యూకేడీ_చిత్తూరు
ఇంత తంటా ఎందుకు బ్రదర్? లేజర్‌ని ఫిల్టర్లతో బాగా తగ్గించండి, ఒక్కో ఫోటాన్ వస్తుంది. బీబీవో ఖర్చు లేదు, వానల బాధ లేదు.

బెల్_పక్షం
ఇది తప్పు, ఇలాంటి మాటలు విని పిల్లలు పాడవుతున్నారు. లేజర్‌ని ఎంత తగ్గించినా లేజరే, జీ2 (ఫోటాన్లు కలిసి రావడాన్ని కొలిచేది) విలువ 1 దగ్గరే ఉంటుంది. పల్స్‌కి సగటున 0.1 ఫోటాన్ పెట్టినా, ఖాళీగా లేని పల్సుల్లో సుమారు ఐదు శాతంలో రెండో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. జంటలో ఒకదాన్ని పట్టుకుని, రెండోది వచ్చిందని తెలుసుకున్నప్పుడే జీ2 సున్నా వైపు దిగుతుంది.

క్యూకేడీ_చిత్తూరు
ఆ ఐదు శాతం గురించి నాకు పాఠం చెప్పక్కర్లేదు. దానికే డికాయ్ (ఎర పల్సుల) పద్ధతి ఉంది, 2003 నుంచి. తీవ్రత మార్చి మార్చి పంపితే దొంగ దొరికిపోతాడు. రహస్య సందేశాల తాళం చెవి పంపడానికి తగ్గించిన లేజర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

బెల్_పక్షం
అబ్బాయి అడిగింది తాళం చెవి కాదు. జంట కావాలి అతనికి. మీ లేజర్‌లో జంటే లేదు! చిక్కుముడిని తేల్చే బెల్ పరీక్షలో మామూలు హద్దు 2 దాటి 2.8 వైపు వెళ్లడం ఒక్కసారి చూసిన వాళ్లెవరూ ఆ మాట అనరు.

క్యూకేడీ_చిత్తూరు
గొంతు పెంచితే ఫిజిక్స్ మారదు.

చంద్రగిరి_అక్క
ఇద్దరూ ఆగండి. పీహెచ్‌డీ సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్, అహ్మదాబాద్ పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ ల్యాబ్), మద్రాస్ ఐఐటీ చూడు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000. గైడ్‌ని అడగాల్సిన మాట ఒక్కటే: ఆప్టికల్ టేబుల్ మీద నాకు రోజుకి ఎంతసేపు దొరుకుతుంది? నేను ముందు చేరిన చోట ఉన్న ఒకే ఒక డిటెక్టర్ కోసం అందరం క్యూ కట్టేవాళ్లం. పేరు చెప్పను. పేపర్లలో పెద్ద పేరు, పని చేయడానికి చోటు లేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

పుత్తూరు_పీజీ
అమరావతిలో క్వాంటమ్ కంప్యూటర్ల కోసం క్వాంటమ్ వ్యాలీ వస్తోంది కదా అక్కా, ఇక్కడే అవకాశాలుంటాయి.

చంద్రగిరి_అక్క
కంప్యూటర్ వేరు, మన పని వేరు. స్ఫటికం పెట్టి ఫోటాన్ పట్టుకునే టేబుళ్లు మన యూనివర్సిటీల్లో పెరగాలి. బీబీవో మాటకొస్తే, పని అయిపోగానే సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) పెట్టేయ్. నవంబరు ఈశాన్య వానల్లో టేబుల్ మీదే వదిలేస్తే పాలిష్ చేసిన ముఖం మసకబారుతుంది, తుడిస్తే గీతలు పడతాయి.

శ్రీకాళహస్తి_స్పెక్ట్రా
పదార్థంలో జంటలంటే రోడమిన్ ఒక్కటే కాదు. రామన్ చెదరింపులోనూ జంట ఉంది. స్టోక్స్ ఫోటాన్ పుడుతూ పదార్థంలో ఒక ఫోనాన్‌ని (కంపనపు పొట్లం) వదులుతుంది, ఆంటీ స్టోక్స్ అదే ఫోనాన్‌ని తీసుకుని పుడుతుంది. వజ్రంలో ఆ కంపనం 1332 సెం.మీ⁻¹ దగ్గర, చాలా ఎత్తులో ఉంటుంది, అందుకే గది ఉష్ణోగ్రతలోనూ అనవసరపు సంకేతం తక్కువ. 2011లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు రెండు వజ్రాలను ఈ దారిలోనే చిక్కుపరిచారు. 1928 నాటి రామన్ ఫలితం ఇక్కడి దాకా వచ్చిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కపిలతీర్థం_405
సార్, ఉట్టి మిథనాల్‌తో ఇప్పుడే కొలిచాను. సింగిల్స్ ఎనిమిది శాతం పోయాయి, కాయిన్సిడెన్సులు పదిహేను. రోడమిన్ వాటా అంటూ మిగిలింది చాలా తక్కువ. అది నిజమో కాదో ఎలా తేల్చాలి?

బెల్_పక్షం
ఆలస్యం పెట్టి చూడు. టైప్ 2 స్ఫటికం (జంటలో రెండింటి పోలరైజేషన్ వేరుగా ఉండేది) అయితే పోలరైజేషన్‌తో రెండు దారులు చెయ్యి, ఒకదాన్ని మైక్రాన్ స్టేజీ మీద జరిపి మళ్లీ కలిపి క్యూవెట్‌లోకి పంపు. 10 నానోమీటర్ల ఫిల్టర్ ఉంటే పొందిక పొడవు (రెండూ ఒకేసారి చేరినట్టు లెక్కయ్యే దూరం) 66 మైక్రాన్లే. కొన్ని వందల మైక్రాన్లు జరిపితే రెండూ ఒకేసారి చేరవు. అప్పటికీ తగ్గుదల అలాగే ఉంటే జంట శోషణ కాదు.

పుత్తూరు_పీజీ
ఆలస్యంతో తగ్గుదల మాయమైతే మాత్రం నేను చెప్పిందే నిజం. గ్రాఫ్ ఇక్కడే పెట్టండి.

గాదంకి_గ్రీన్‌లేజర్
పెట్టేముందు డార్క్ కౌంట్లు (వెలుతురు లేకున్నా వచ్చేవి), పొరపాటు కాయిన్సిడెన్సులు తీసేయండి. రెండు వైపులా సెకనుకి లక్ష కౌంట్లు, ‘ఒకేసారి’ అని లెక్కించే కిటికీ 5 నానోసెకన్లు ఉంటే సెకనుకి ఊరికే యాభై వస్తాయి.