నాయన్ని పోర్చుగల్ ద్రాక్ష కొండలకి తీసుకపోవాల, తీరిగ్గా ఎట్లా ప్లాన్ చేసుకోవాలో చెప్పండి

అనంతపురం_పందిరితోట
మాది అనంతపురం దగ్గర పల్లె. నాయన ఇరవై ఏండ్ల పైనే పందిరి ద్రాక్ష పండించినాడు, బోర్లు ఎండిపోయినాక తోట తీసేసినాం, రాతి స్తంభాలు మాత్రం ఇప్పటికీ చేన్లో అట్లే నిలబడి ఉన్నాయి. ఇప్పుడాయనకి 66. యాడికన్నా పోదాం నాయనా అంటే, ఎప్పుడో టీవీలో చూసినాడంట, డౌరో లోయలో కొండల మీద ద్రాక్ష ఎట్లా పండిస్తారో చూడాల అన్నాడు. వచ్చే సెప్టెంబర్‌లో అమ్మని కూడా తీసుకుని ఒక పది రోజులు పోదామని ఉంది. ట్రావెల్స్ వాళ్ళేమో పది రోజుల్లో ఐదు దేశాలు అంటున్నారు, బస్సులో కూర్చోని కిటికీలోంచి చూసొచ్చే దానికైతే నాకొద్దు. నాయనకి మోకాళ్ళ నొప్పి, ఇద్దరూ మందు ముట్టరు, అమ్మ మాంసం తినదు. వైన్ తాగనోళ్ళకి అక్కడ చూసేదేమన్నా ఉంటుందా? ఎక్కడ దిగాల?

కడప_పోర్టో
తమ్ముడూ నేను పోర్టోలో రెండేండ్లు చదువుకున్నా, తాగకపోయినా బాధలేదు, చూడాల్సింది తోటలే కాబట్టి మీ నాయనకి పండగే. పోర్టోలో రెండు రాత్రులుండి సావో బెంటో స్టేషన్‌లో డౌరో లైన్ రైలెక్కండి, పిన్యావు అనే ఊరికి రెండున్నర గంటలు పడుతుంది, పోయేటప్పుడు కుడిపక్క కిటికీ పట్టుకోండి, నది ఆ పక్కనే వస్తుంది. ఆ పిన్యావులోనే కనీసం ఐదు రాత్రులు ఉండిపోండి, ఊరు మార్చొద్దు. స్టేషన్ గోడల మీద నీలి పింగాణీ పలకల్లో కోత పనులన్నీ బొమ్మలుగా ఉంటాయి, గంపలు మోసే మనుషులు, పడవలు, అవి చూసేదానికే ఒక పూట పడుతుంది. మోకాళ్ళ సంగతంటే తోటల్లో మెట్లు ఎక్కించొద్దు, నదిలో పడవ మీద గంటో రెండు గంటలో తిరిగితే రెండు పక్కలా కొండ అంతా గట్లు గట్లుగా కనిపిస్తుంది, పైనుంచి చూడాలంటే కజాల్ ద లోయివోస్ దాకా టాక్సీలో పోవచ్చు. సెప్టెంబర్ కోతల టైం కాబట్టి తోటల్లో ఉండే గదులు ముందే అయిపోతాయి, ఇప్పుడే బుక్ చేయండి. కొన్ని తోటల్లో ఇప్పటికీ గ్రానైట్ తొట్లలో తొడల్లోతు పండు పోసి, భుజాల మీద చేతులేసుకోని వరసగా గంటల తరబడి తొక్కుతారు, అది చూపించండి తప్పకుండా.

తాడిపత్రి_అక్క
యూరప్ దేశాలకి ఇచ్చే షెంగెన్ వీసాకి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు బాబూ, ఆలస్యం చేయొద్దు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాల. ఇంట్లో నుంచి శనక్కాయల పొడి, ఊరగాయ తీసుకపోండి కానీ నెయ్యి మాత్రం పెట్టుకోవద్దు, పాల సామాన్లు, మాంసం యూరప్‌లోకి రానీరు, మా నెయ్యి డబ్బా ఎయిర్‌పోర్ట్‌లో తీసి పడేసినారు. అక్కడ ఆకుకూర సూప్ కల్దో వెర్ద్ అని ఉంటుంది, అందులో మాంసం ముక్క వేస్తారు, అమ్మకి మాంసం లేకుండా ఇమ్మని అడిగి తీసుకోండి. రొట్టె, ఆలివ్‌లు, బాదం బాగా దొరుకుతాయి.

కర్నూలు_హార్టీ
మీ నాయన రైతు కాబట్టి ఒకటి చెప్తా. 1860ల్లో ఫిలాక్సెరా అని వేరు పురుగు వచ్చి ఆ లోయలో తోటలు చాలావరకు చచ్చిపోయినాయి, తర్వాత అమెరికా జాతి వేరు మొక్కల మీద అంటు కట్టి మళ్ళీ నిలబెట్టుకున్నారు. మన దగ్గర డాగ్రిడ్జ్ అనే వేరు మొక్క మీద అంటు కడతాం కదా, అదీ అమెరికా జాతే. అప్పుడు వదిలేసిన గట్లు ఇప్పటికీ అట్లే ఉన్నాయి, వాటిని మోర్తోరియోస్ అంటారు, రాతి కట్టలు ఉంటాయి, తీగ ఉండదు, పొదలు మొలిచి ఉంటాయి. పడవలో పోయేటప్పుడు చూపించు తమ్ముడూ, మీ చేన్లో స్తంభాలు గుర్తొస్తాయి ఆయనకి. ఇంకోటి, అక్కడ చేసే పోర్ట్ వైన్‌లో కల్తీ ఎక్కువైందని 1756లోనే పొంబాల్ అనే మంత్రి ఈ ఏరియాకి హద్దులు గీయించి, తర్వాత గ్రానైట్ రాళ్ళు పాతించినాడు, కొన్ని రాళ్ళు ఇంకా ఉన్నాయి.

అనంతపురం_పందిరితోట
అందరికీ శానా థాంక్స్. రాత్రి ఇదంతా నాయనకి చదివి వినిపించినా. ఐదు రాత్రులు ఒకే ఊళ్ళో అంటే వెంటనే సరే అన్నాడు. ఒకటే అడిగినాడు, అంత బండలో నీళ్ళెట్లా కడతారు, డ్రిప్ ఉందా అని.

కడప_పోర్టో
పాత తోటల్లో డ్రిప్ ఉండదు తమ్ముడూ. వానలు చలికాలంలోనే, జులై ఆగస్టుల్లో మన ఎండే, 40 దాటుతుంది. అక్కడ షిస్ట్ అని పలకల రాయి, మన తాడిపత్రి గనుల్లో బండ పొరలు పడుకోని ఉంటాయి చూడు, అక్కడ చాలా చోట్ల ఆ పొరలు నిలువుగా ఉంటాయి, ఆ సందుల్లోంచి వేరు తడి వెతుక్కుంటా శానా లోతుకి దిగిపోతుంది. పందిరి కూడా ఉండదు, చెట్టు నడుమెత్తే. గట్టు మీద చేత్తో పట్టుకుంటే పలక పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వస్తుంది, నాయన్ని ఒకటి పట్టుకోని చూడమను.