అప్‌డేట్: గులాబీలు ఎండేలోపే బూజు పడుతున్నాయని అడిగాను కదా, సమస్య తీరింది

ఆగస్టులో అడిగాను: విశాఖలో మా ఇంట్లో తలకిందులుగా వేలాడదీసిన గులాబీలు నల్లబడి బూజు పడుతున్నాయని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది తేమను పీల్చుకునే సిలికా జెల్. ముందు పెద్ద గుళికలు కొన్నాను, రేకుల మీద నొక్కులు పడ్డాయి. ఇసుకలాంటి సన్న రకం కొనండి. గాలి చొరబడని డబ్బాలో అంగుళం మందాన పరిచి, పువ్వు నిలబెట్టి, రేకుల మధ్యకి చెంచాతో మెల్లగా పోస్తూ పూర్తిగా కప్పాలి. ఆరో రోజు తీశాను. ఎరుపు కాస్త ముదిరింది, ఆకారం మాత్రం చెక్కుచెదరలేదు. ఎంత సంతోషమేసిందో! జెల్‌ని ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుతున్నాను.

పువ్వుల రకం, కోసిన వేళ కూడా కొంత కారణం కావచ్చు. కానీ మా ఇంట్లో ముఖ్య కారణం సముద్రపు గాలిలో తేమే అనిపిస్తోంది. హెయిర్‌స్ప్రే కూడా బూజును ఆపలేదు.

బతుకమ్మకి కరీంనగర్ నుంచి పెద్దమ్మ తెచ్చిన గునుగు పూలకి జెల్ అవసరమే రాలేదు. కట్టకట్టి చీకటి గదిలో ఫ్యాన్ కింద వేలాడదీస్తే చాలు. ఇప్పుడు ఇత్తడి చెంబులో గునుగు వెనక, గులాబీలు ముందు. ఎండ తగిలితే రంగు పోతుందని కిటికీకి దూరంగా పెట్టాను.