క్వారీ గుంటలో గాలానికి ఒక్క చేపా పడట్లేదు

కోవూరు కుర్రాడు:
మాది నెల్లూరు దగ్గర కోవూరు. పెన్న కాలవల్లో గాలం వేస్తూ పెరిగినవాణ్ణి, ఇప్పుడు చెన్నై పోరూరులో ఉంటున్నా. కుండ్రత్తూరు దాటాక ఒక పాత రాతి క్వారీ, నీళ్లు నిండి చెరువంత అయింది. ఊళ్లో అడిగి, సరే అన్నాకే ఈ ఎండాకాలం ఐదు ఆదివారాలు వెళ్లా. వానపాము గుచ్చి, బరువైన సీసం కట్టి నడిమధ్యకి విసిరితే దారం దిగుతూనే ఉంటుంది, అడుగు తగిలేసరికి రీలు సగం ఖాళీ. ఒక్క లాగుడు లేదు. పొద్దున్నే బొచ్చె చేపలు పైకొచ్చి మూతులు చప్పరించడం మాత్రం కళ్లారా చూశా. చూసి ఉత్త చేతులతో తిరిగి రావాలంటే ప్రాణం ఒప్పట్లేదు.

గాలం బాబాయ్:
తమ్ముడూ, చేప లేని లోతులో ఎర దించుతున్నావు. ఎండలకి పైనీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉంటాయి. చల్లటి నీళ్లు బరువుగా కిందే పడుంటాయి, రెండూ కలవవు. అడుగున ఆకూ అలమూ కుళ్లి, ఉన్న కాస్త ప్రాణవాయువూ అయిపోతుంది. రాయి మెట్లు మెట్లుగా కొడతారు కదా, ఆ మెట్లు వెతుకు. దారానికి మూరకో ముడి వేసి ఒడ్డు వెంబడి లోతు కొలువు. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో మేస్తుంది. శీలావతి నడినీళ్లలో, ఎర్రమోసు అడుగున. తవుడు, వేరుశనగ చెక్క కలిపి ముద్ద చేసి, బెండు కింద మూరెడు లోతులో ఉంచు. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తూర్పు నుంచి కొడుతుంది, తేలే మేతంతా పడమటి ఒడ్డుకి చేరుతుంది. అక్కడ కూర్చో.

ఇంకోటి. బొచ్చె, శీలావతి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే ఏరు కావాలి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే చేపల శాస్త్రవేత్త సూదిమందుతో గుడ్లు పెట్టించేదాకా చేపపిల్లల కోసం ఎక్కువగా ఏర్లనే నమ్ముకునేవాళ్లు. కాబట్టి నీ గుంటలో ఎవరో పిల్లల్ని వదిలుంటారు. వేలం పాడుకున్నవాళ్లు ఉన్నారేమో కనుక్కో. జిలేబి చేప (తిలాపియా) అయితే దానంతటదే పెరుగుతుంది, తల్లి గుడ్లని నోట్లోనే పొదుగుతుంది.

మాంగాడు అక్క:
బాబూ, ఆ సీసం మానెయ్, తెగితే విషం నీళ్లలోనే ఉంటుంది. 2017 కరువులో మా పక్కనున్న శిక్కరాయపురం క్వారీల నీళ్లే చెన్నై నీటి బోర్డు మెట్రోవాటర్ వాళ్లు శుద్ధి చేసి ఊరికి పంపారు. అవి తాగి గట్టెక్కినవాళ్లం మేం. మీ గుంట నీళ్లు కూడా రేపు ఎవరికో అవసరం పడతాయి. క్వారీ గోడ నిలువుగా ఉంటుంది, పాచి మీద జారితే పట్టుకోవడానికేమీ దొరకదు. ఒంటరిగా వెళ్లొద్దు.

కోవూరు కుర్రాడు:
బాబాయ్, అక్కా, ఈ ఆదివారం మా బావమరిదితో వెళ్లా. వేలం పాడిన పెద్దాయన కనిపిస్తే రెండు చేపలకి డబ్బు కట్టా. సీసం బదులు ఇనుప నట్టు కట్టి కొలిస్తే, పడమటి ఒడ్డున ఏడో ముడికే మెట్టు తగిలింది. నాలుగున్నరకి బెండు మునగలేదు, పడుకున్నట్టు వాలి మెల్లగా పక్కకి నడిచింది. లాగా. కిలోన్నర బొచ్చె! ముద్దలోని తవుడు ఇంకా దాని పెదవికి అంటుకునే ఉంది.