రీబాండింగ్ మానేశాక పైన రింగులు, కింద స్ట్రెయిట్: అతుకు దగ్గర తెగిపోతోంది, ఏం చేయాలి?

మువ్వలజడ (ప్రశ్న)

జుట్టుని మందుతో స్ట్రెయిట్ చేయించే రీబాండింగ్ పూర్తిగా మానేశాను. కుదుళ్ల నుంచి అయిదంగుళాలు సొంత జుట్టు వచ్చింది. బాగా బిగువైన రింగులు, పెన్సిల్‌కి చుట్టినంత సైజు. దాని కింద పదంగుళాలు పాత స్ట్రెయిట్ జుట్టు. రెండూ కలిసే చోట రోజూ చిక్కే, దువ్వెన పెడితే సరిగ్గా అక్కడే పుటుక్కుమంటోంది. ఉండేది హైదరాబాద్, బోరు నీళ్లు. వారానికి రెండు తలస్నానాలు, ముందు రాత్రి కొబ్బరినూనె. చుండ్రు కొంచెం ఉంది.

స్ట్రెయిట్ భాగం మళ్లీ రింగు తిరిగే దారి ఏమైనా ఉందా? పార్లర్‌లో "ఒక్క కెరటిన్ సిట్టింగ్ వేస్తే పైనా కిందా కలిసిపోతాయి" అంటున్నారు, నమ్మొచ్చా? గుడ్డు, గంజి పట్టిస్తే అతుకు గట్టిపడుతుందా? పొట్టిగా కత్తిరించుకోవడానికి ఇంట్లో ఒప్పుకోరు, నాకూ ధైర్యం లేదు.

కత్తెరసాన

మొదటిదానికి జవాబు: లేదండి. రీబాండింగ్ క్రీములో ఉండేది అమ్మోనియం థయోగ్లైకోలేట్. వెంట్రుక లోపల రింగు ఆకారాన్ని పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధాలను అది విడదీస్తుంది. తర్వాత ఐరన్‌తో సాపు చేసి, న్యూట్రలైజర్ రాసి ఆ బంధాలను కొత్త ఆకారంలో బిగిస్తారు. మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు కాబట్టి అది తనంతట తాను పాత ఆకారానికి రాదు. రింగులు తిరిగొస్తాయని అమ్మే క్రీములు, సీరమ్‌లు ఆ పదంగుళాల మీద దండగ.

అతుకు దగ్గరే ఎందుకు తెగుతుందంటే, టచప్ చేసిన ప్రతిసారీ క్రీము కొత్త వేర్లతోపాటు పాత జుట్టు మీదికీ కొంత పాకుతుంది. కాబట్టి అతుక్కి కాస్త కిందనున్న జుట్టు రెండు మూడుసార్లు మందు తిన్నదే. పైన రింగు ముడుచుకుంటుంది, కింద స్ట్రెయిట్ జుట్టు బరువుగా వేలాడుతుంది. ఆ లాగుడంతా బలహీనమైన చోటే పడుతుంది.

పొట్టి చేసుకోకుండా బయటపడే లెక్క ఒకటి ఉంది. జుట్టు సగటున నెలకి అరంగుళం పెరుగుతుంది. రెండు నెలలకోసారి అంగుళం కత్తిరిస్తే పెరిగినంతే పోతుంది. మొత్తం పొడవు పదిహేను అంగుళాల దగ్గరే ఉంటుంది, ఇరవై నెలలకి స్ట్రెయిట్ అంతా పోయి పదిహేనూ రింగులే మిగులుతాయి. చూపుకి మాత్రం పొట్టిగానే కనిపిస్తుంది, మీరు చెప్పిన సైజు రింగులు ఆరాక దాదాపు సగానికి ముడుచుకుంటాయి. దానికి ఇంట్లోవాళ్లని ఇప్పట్నుంచే సిద్ధం చేయండి. అతుకు మరీ పీచులా ఉంటే రెండంగుళాల చొప్పున తీసేయడం మంచిది. తెగి చిందరవందరగా ఊడేకంటే కత్తెరతో తీసిందే నయం.

కెరటిన్ సిట్టింగ్ వద్దు. పేరు కెరటిన్ అయినా పని చేసేది ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు, లేదంటే గ్లైఆక్సిలిక్ ఆమ్లం, పైన 200 డిగ్రీలు దాటిన ఐరన్. కొత్తగా వచ్చిన అయిదంగుళాల రింగులూ ఆ వేడికి వదులైపోతాయి. అప్పుడు లెక్క మళ్లీ మొదటికి. "ఫార్మాల్డిహైడ్ లేదు" అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు. గ్లైఆక్సిలిక్ ఆమ్లం వాడిన తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

బోరునీళ్లబాధితులసంఘం

పైన చెప్పింది ఎంత సరైనదైనా, రోజువారీ తెగుడు ఆగాలంటే మార్చాల్సింది తలస్నానం పద్ధతి.

రాత్రంతా నూనె మానేయండి, ముఖ్యంగా చుండ్రు ఉన్నప్పుడు. చుండ్రుకి కారణమైన ఈస్ట్ నూనెలోని కొవ్వులనే తిని బతుకుతుంది. తలస్నానానికి గంట ముందు రెండు చెంచాల కొబ్బరినూనె, అదీ అతుకు నుంచి చివర్ల వరకే. మాడుకి వద్దు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు ప్రోటీను పోవడాన్ని తగ్గిస్తుంది. 2003లో కొబ్బరినూనెను సన్‌ఫ్లవర్, మినరల్ నూనెలతో పోల్చి చూసిన పరిశోధనలో తేలిందదే. చుండ్రు ఎక్కువైతే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, మాడు మీద మాత్రమే, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. నాలుగు వారాలకీ తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపించండి.

జుట్టుని ఆరు పాయలు చేసి క్లిప్పులు పెట్టండి. షాంపూ ఒక చెంచా, మగ్గులో పావు వంతు నీళ్లలో కలిపి వేళ్ల కొనలతో మాడుకే పట్టించాలి. జుట్టునంతా నెత్తి మీద ముద్ద చేసి రుద్దే అలవాటు ఉంటే ఈరోజే మానేయాలి, సగం చిక్కు అక్కడే పుడుతుంది. కిందికి కారే నురుగు చివర్లకి చాలు.

తర్వాత కండిషనర్. మీ పొడవుకి పావు కప్పు పడుతుంది, పిసినారితనం పనికిరాదు. వెనక లేబుల్‌లో మొదటి అయిదారు పేర్లలో సీటిల్ లేదా సీటియరిల్ ఆల్కహాల్, బెహెన్‌ట్రైమోనియం ఉంటే జారుడు బాగుంటుంది. ఈ ఆల్కహాల్ పేరు చూసి భయపడొద్దు, ఇవి మెత్తబరిచే కొవ్వులు. ఎండగొట్టేది 'ఆల్కహాల్ డీనాట్' అని రాసి ఉండేది.

చిక్కు తీయాల్సింది ఇప్పుడే, కండిషనర్‌తో నీళ్లోడుతుండగా. ఒక్కో పాయ తీసుకుని ఎడమచేత్తో అతుక్కి పైన గట్టిగా పట్టుకోండి. లాగుడు ఆ చేతికే తగలాలి, అతుక్కి కాదు. కుడిచేతి వేళ్లతో ముందు చివర్లు, తర్వాత మధ్య, ఆఖరున అతుకు. వేళ్లు సాఫీగా దిగాకే పెద్ద పళ్ల దువ్వెన, అదీ కింద నుంచి పైకి. ముడి కనిపిస్తే దాని మీద మరికాస్త కండిషనర్ వేసి అటూ ఇటూ విడదీయాలి గానీ కిందికి లాగకూడదు. అయిపోయిన పాయని వదులుగా పురి పెట్టి పక్కకి క్లిప్పు పెట్టండి, లేకపోతే మళ్లీ కలిసిపోతుంది. పొడి జుట్టు మీద దువ్వెన అసలు వద్దు.

ఇక మన శత్రువు బోరు నీళ్లు. అందులోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పొరలా పేరుకుంటాయి. కండిషనర్ ఎంత రాసినా గరుకుగా ఉంటుంది, రింగు సాగిలపడుతుంది. షవర్‌కి తగిలించే ఫిల్టర్లు ఎక్కువగా క్లోరిన్ తగ్గించేవే, కాఠిన్యం తీయవు. కాబట్టి మూడు వారాలకోసారి కీలేటింగ్ షాంపూ (ఆ ఖనిజాల పొరని పట్టి వదిలించేది) వాడండి. లేబుల్‌లో ఈడీటీఏ (ఖనిజాలని పట్టే పదార్థం) ఆఖరి వరసలో ఉంటే అది షాంపూ పాడవకుండా వేసిన చిటికెడే, పైవరసల్లో ఉన్నదే పనికొస్తుంది. ఆఖరున రెండు మగ్గుల ఆర్వో నీళ్లు, లీటరుకి ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి పోసుకుంటే తేడా ఆ పూటే తెలుస్తుంది. నిమ్మకాయ పిండొద్దు, ఒక్కో కాయ పులుపు ఒక్కోలా ఉంటుంది.

గుడ్డు, గంజి సంగతి: గుడ్డులోని ప్రోటీను అణువులు చాలా పెద్దవి, వెంట్రుకలోకి దూరవు. పైగా వేడినీళ్లతో కడిగారంటే తలలోనే ఉడికి పొరటు అవుతుంది, రింగుల్లోంచి ఏరుకోవడం నరకం. గంజి పిండిపదార్థం పూతలా పట్టి కాసేపు గట్టిగా అనిపిస్తుంది, అంతే. కావాల్సింది 'హైడ్రొలైజ్డ్' (చిన్న ముక్కలుగా విడగొట్టినది) అని రాసి ఉన్న ప్రోటీను మాస్క్, నాలుగు వారాలకోసారి. ముందు ఒక తడి వెంట్రుకని మెల్లగా లాగి చూడండి. బబుల్‌గమ్‌లా సాగి వెనక్కి రాకపోతే ప్రోటీను కావాలి. సాగకుండానే తెగితే ప్రోటీను ఆపి కండిషనర్ పెంచాలి. మీ తలలో స్ట్రెయిట్ భాగం ఒకలా, రింగులు ఒకలా చెప్పొచ్చు. అప్పుడు మాస్క్ అతుకు నుంచి కిందికే.

మువ్వలజడ

చాలా థాంక్సండి. రెండు సందేహాలు. అమ్మ కుంకుడుకాయలే మంచివంటుంది, వాడొచ్చా? ఆఫీసుకి జడ తప్ప వేరే దారి లేదు, విరబోస్తే పైన గుబురుగా, కింద ఎలక తోకలా ఉంటోంది.

విశాఖ_తేమగాలి

కుంకుడుకాయల మీద గొడవలు వద్దు గానీ, ఈ దశలో నా ఓటు పడదు. నూనెని బాగా లాగేస్తుంది, జారుడు ఇవ్వదు, గుజ్జు పీచు రింగుల్లో ఇరుక్కుంటుంది. అమ్మ మాట కాదనలేకపోతే రాత్రి నానబెట్టి ఉడికించి, పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి మాడుకే వాడండి, వెంటనే కండిషనర్ పెట్టండి. సీకాయ పొడి నేరుగా రాయడం మాత్రం అసలు వద్దు, ఆ నలుసులు వారం తర్వాత కూడా రాలుతుంటాయి. మందారాకు రుబ్బి పిండిన జిగురు పరవాలేదు, కండిషనర్‌కి ముందు చిక్కు వదలడానికి పనికొస్తుంది.

రెండు రకాల జుట్టుని ఒకేలా చూపించాలంటే స్ట్రెయిట్‌కి తాత్కాలికంగా రింగు పెట్టాలి, రింగులని సాపు చేయకూడదు. పావు కప్పు అవిసె గింజలు, రెండు కప్పుల నీళ్లు మధ్యస్థం మంట మీద కలుపుతూ ఉడికించండి. ఎనిమిది, పది నిమిషాల్లో గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడే దించేయాలి, చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వేడిగా ఉండగానే నైలాన్ గుడ్డలో వడకట్టండి. ఆరితే చుక్క దిగదు, గింజలతో సహా పారబోసుకోవాల్సిందే. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, పుల్లటి వాసనొస్తే పారేయండి.

తలస్నానం తర్వాత తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్ది, తడి మీదే లీవ్-ఇన్ (కడగకుండా వదిలేసే కండిషనర్) రెండు చెంచాలు, తర్వాత ఈ జెల్ నాలుగు చెంచాలు. ముందు రెండింటినీ అరచేతిలో చిటికెడు కలిపి చూడండి. విరిగిన పాలలా గడ్డలు కడితే ఆ జోడీ పనికిరాదు, ఆరాక తెల్లగా పొట్టు రాలుతుంది. ఎనిమిది పాయలు చేసి ఒక్కోదాన్ని రెండు పాయల పురి తిప్పండి. అతుకు కిందికి రాగానే ఆ చివరను స్పాంజి రోలర్‌కి చుట్టేయాలి, లేదంటే స్ట్రెయిట్ భాగం పురి విప్పగానే జారిపోతుంది. పూర్తిగా ఆరాకే విప్పాలి. మధ్యలో చేయి పెడితే జుట్టంతా పీచులా ఉబ్బిపోతుంది. చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని విప్పండి. రాత్రి శాటిన్ గుడ్డ చుట్టుకుంటే రెండు మూడు రోజులు నిలుస్తుంది.

గ్లిసరిన్ ఎక్కువున్న క్రీములు మా వైపు తేమగాలికి జుట్టుని ఉబ్బించేస్తాయి. హైదరాబాద్‌లో వర్షాకాలం తప్ప అంత బాధ ఉండదు.

జడ వేసుకోవచ్చు, వదులుగా, పూర్తిగా ఆరాక. తడి జడ లోపల ఆరక వాసనొస్తుంది, చుండ్రు పెరుగుతుంది. రబ్బరుబ్యాండు అతుకు మీద పడకుండా చూసుకోండి. నుదుటి దగ్గర లాగి కడితే అక్కడ కుదుళ్లే దెబ్బతిని జుట్టు పలచబడుతుంది, అది త్వరగా తిరిగిరాదు.

(పక్కమాట: తిరుపతి మొక్కు ఏదైనా బాకీ ఉంటే ఈ సమస్యకి అంతకంటే శుభ్రమైన పరిష్కారం లేదు, ఇంట్లో ఎవరూ కాదనరు కూడా.)

టెక్సస్‌తెలుగు

ఒక జాగ్రత్త. యూట్యూబ్‌లో ఈ విషయం మీద ఉన్న వీడియోల్లో చాలావరకు అమెరికాలోని నల్లజాతి స్త్రీలు రిలాక్సర్ (రింగులని సాపు చేసే మందు) మానేశాక చేసినవి. పురి పద్ధతి, పాయలుగా కడగడం వాళ్ల దగ్గర నేర్చుకున్నవే. అయితే వాళ్ల రిలాక్సర్ వేరు: సోడియం హైడ్రాక్సైడ్ లేదా గ్వానిడీన్ హైడ్రాక్సైడ్, పీహెచ్ (క్షారం ఘాటు కొలత) 12 పైన. రీబాండింగ్ మందు తొమ్మిది, తొమ్మిదిన్నర దగ్గర ఉంటుంది. వాళ్లు పొరలుగా రాసే షియా బటర్, ఆముదం 4 రకం జుట్టుకి, అంటే ఇంకా చిన్నగా బిగుసుకున్న రింగులకి సరిపోతాయి. పెన్సిల్ సైజు రింగులు 3సీ రకం, దానిమీద అంత బరువు వేస్తే జిడ్డుగా సాగిలపడతాయి. పావు వంతుతో మొదలుపెట్టండి.

ఇక్కడ అమెరికాలో హైడ్రాక్సైడ్ రిలాక్సర్ చేయించుకుని ఇండియా వచ్చినప్పుడు రీబాండింగ్‌కి కూర్చునేవాళ్లున్నారు. అటుదిటు, ఇటుదటు ఏదైనా ప్రమాదమే. ఒకటి పడిన జుట్టు మీద రెండోది పడితే కడిగేటప్పుడే గుప్పెళ్లతో చేతిలోకి వస్తుంది. మందు పడిన భాగం పూర్తిగా కత్తిరించేదాకా రెండోదాని జోలికి పోకూడదు. పార్లర్‌వాళ్లు అడగకపోయినా మనమే చెప్పాలి.

కత్తెరసాన

మంచి మాట చెప్పారు. మువ్వలజడ గారూ, ట్రిమ్‌కి వెళ్లినప్పుడు రింగులు తిరిగి, ఆరిపోయిన జుట్టుతోనే వెళ్లండి, పొడిగానే కత్తిరించమనండి. తడిపి గీత గీసినట్టు కత్తిరిస్తే ఆరాక ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి లేస్తుంది. కూర్చోగానే "బ్లో డ్రై వద్దు, ఐరన్ వద్దు, చివర అంగుళమే" అని మూడూ చెప్పేయండి. ఆఖర్లో "ఫ్రీగా సెట్ చేస్తా మేడమ్" అంటూ ఐరన్ తీసే అలవాటు చాలాచోట్ల ఉంది, ఆ ఒక్క ఫ్రీ సర్వీసుకి ముందున్న రింగులు వదులైపోతాయి.