అప్‌డేట్: ఫర్గాటెన్ రెల్మ్స్ కొనాలా, ఎబెరాన్ కొనాలా అని అడిగాను కదా, తేలిపోయింది

నెల్లూరులో మా ఐదుగురి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, పాత్రలుగా మారి కథ నడిపే ఆట) జట్టు రెండుగా చీలిందని, ఆ ఆటలోని ఈ రెండు కల్పిత లోకాల్లో దేని పుస్తకాలు కొనాలని, 2025 నవంబరులో వచ్చిన రెల్మ్స్ జంట పుస్తకాలా, డిసెంబరులో వచ్చిన ఎబెరాన్ పుస్తకమా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"కొనకముందే రెండు లోకాల్లోనూ ఒక్కో పూట ఆడి చూడండి" అని ఒకన్న ఇచ్చిన సలహానే పనిచేసింది. పడుగుపాడులో ఫ్రెండు వాళ్ల మేడ మీద కూర్చున్నాం. ఆటలో ఎబెరాన్ లోకపు మెరుపు రైల్లో దొంగను తరుముతుంటే, పెన్నా వంతెన వైపు నుంచి నిజం రైలు కూత వినిపించింది! స్టీలు పళ్లెంలో ఇరవై ముఖాల పాచిక గలగలా తిరిగి ఆగేదాకా ఎవరూ కదల్లేదు. రెల్మ్స్ కోసం పట్టుబట్టిన మా తమ్ముడే ఎబెరాన్‌కి చెయ్యెత్తాడు. రెల్మ్స్ పుస్తకాలు వివరంగా చెప్పే ఐదు ప్రాంతాల్లో తనకిష్టమైన వాటర్‌డీప్ నగరం లేదని వాడికి ఇంకా బాధే, అది న్యాయమైన బాధే.

కొనేవాళ్లు ఒకటి చూసుకోండి: కొత్త ఎబెరాన్ పుస్తకంలో ఆర్టిఫిసర్ (మాయా పరికరాలు తయారుచేసే పాత్ర రకం) కొత్త రూపం బాగుంది కానీ, లోకం వివరాలకు 2019 నాటి పుస్తకం కావాల్సిందే. మా దగ్గర అది ముందే ఉంది.

ఆటకి పాత రూల్సా, 2024లో వచ్చిన కొత్త రూల్సా అని నేను పడ్డ టెన్షన్ అనవసరం. ఉచితంగా దొరికే కొత్త రూల్స్‌తోనే రెండు పూటలూ నడిచిపోయాయి.