లిబరేటర్ తోక మీద కూర్చుంటోంది, ముక్కులో ఎంత బరువు పెట్టాలి?

నాగావళి72
బి-24 లిబరేటర్ బాంబర్ ప్లాస్టిక్ మోడల్, 1/72 (అసలు దానిలో 72వ వంతు), నాలుగు నెలలుగా కడుతున్నాను. 1948లో మన ఎయిర్‌ఫోర్స్ 5వ స్క్వాడ్రన్‌కి ఇచ్చిన రకం చేద్దామని. బాడీ రెండు సగాలూ ఇంకా అతికించలేదు, టేపు చుట్టి చక్రాల మీద నిలబెడితే పొదుగుకి కూర్చున్న కోడిలా వెనక్కి చతికిలబడిపోతోంది. ముక్కంతా అద్దాలే, బరువు దాచడానికి చోటు లేదు. మూడు సందేహాలు. బరువు ఎంత, ఎక్కడ? వెండి రంగు ఏది వాడుతున్నారు, ఇక్కడి తేమకి స్ప్రే కొడితే తెల్లగా పొగ పట్టినట్టు అయిపోతోంది. అద్దం ముక్కలు దేనితో అతికిస్తున్నారు? సూపర్ గ్లూతో ఒక టరెట్ (తుపాకీ పెట్టే అద్దాల గూడు) పాడుచేసుకున్నాను, లోపల గన్నర్‌కి శుక్లాలు వచ్చినట్టుంది.

సాలూరు_గరుకుకాగితం
తెల్లబడటం గురించి నన్నడగండి. 2018లో పలాసలో ఉద్యోగం, తిత్లీ తుఫాను వస్తోందని తెలిసి కూడా ముందురోజు సాయంత్రం లాంకాస్టర్ బాంబర్ మోడల్ పొట్టకి నలుపు కొట్టి డాబా గదిలో పెట్టాను. ఆ నలుపు పొద్దుటికి బూడిద రాసినట్టుంది, కిటికీ రెక్క ఊడి మీద పడితే ఒక రెక్కే లేదు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, మంచినీళ్లకి తిరుగుతుంటే మా ఆవిడ "మీ విమానం ఎలా ఉంది" అని అడిగింది, అది పరామర్శో ఎత్తిపొడుపో ఈ రోజుకీ తెలీదు. విషయానికొస్తే, మధ్యాహ్నం ఎండలోనే కొట్టండి, వాన మబ్బు పట్టిన రోజు ముట్టుకోకండి.

గాజు_అల్మారా
20 ఏళ్లుగా కడుతున్నాను, 31 విమానాలున్నాయి, విజయనగరం వచ్చినవాళ్లు చూసి వెళ్తుంటారు. వెండి రంగు డబ్బా అన్నమాటే మర్చిపోండి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ తీసుకోండి, పల్చటి జిగురు రాసి ఒక్కో పలక విడిగా అతికించి, దూది చుట్టిన పుల్లతో రుద్దితే రివెట్లు కూడా పైకి తేలతాయి. మెరిసే వైపు కొన్ని పలకలకి, మసక వైపు కొన్నింటికి. అసలు విమానం అంతా ఒకే వెండిలా ఉండదు, బిందెలా ఉంటే అది బొమ్మ.

పొందూరు_నూలు
అల్మారా గారూ, లిబరేటర్ రెక్క 110 అడుగులు. 72తో భాగిస్తే పద్దెనిమిదంగుళాల పైమాట, రెండు జానలు. దాని మీద ఫాయిల్ ముక్కలు అతికిస్తూ కూర్చుంటే ఆయన మనవడు పూర్తిచేస్తాడు.

ఇంకోటి. రౌండెల్‌లో, అదే విమానం మీది గుండ్రటి దేశ గుర్తులో, ఎర్ర చుక్క మాత్రం పెట్టకండి. బర్మా వైపు ఎగిరిన బ్రిటిష్ విమానాలకి ఎరుపు తీసేశారు, జపాన్ వాడి ఎర్ర సూర్యుడనుకుని సొంతవాళ్లే కాల్చేస్తారని. తెలుపు స్థానంలో లేత నీలం కూడా వేశారు.

భోగాపురం_బావ
నా కిట్ డబ్బా మీద బొమ్మలో శుభ్రంగా ఎర్ర చుక్క ఉంది.

పొందూరు_నూలు
ఆ బొమ్మ అట్లాంటిక్‌లో జలాంతర్గాముల వేటకి తిరిగిన లిబరేటర్‌ది బావూ. అక్కడ జపాన్ వాడు ఎక్కడున్నాడు?

నాగావళి72
నాది 1948 అండీ. బ్రిటిష్ రౌండెల్ నాకు అవసరమే లేదు.

భోగాపురం_బావ
అవసరం ఉందో లేదో తర్వాత. మా తాత 1942లో విశాఖలో ఉండేవాడు. బాంబులు పడ్డ రోజు ఎర్ర చుక్క ఉన్న నాలుగింజన్ల విమానాలు నెత్తి మీంచి వెళ్లడం కళ్లారా చూసి, రెండు రోజులు నడిచి విజయనగరం వచ్చేశాడు. మీరు డబ్బా మీద బొమ్మ చూసి చెప్తున్నారు, ఆయన ఆకాశంలో చూశాడు.

పొందూరు_నూలు
1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి ర్యూజో అనే జపాన్ విమాన వాహక నౌక నుంచి వచ్చాయి. ఓడ మీంచి నాలుగింజన్లది లేవదు. అవి ఒక్క ఇంజనున్న నకజిమా రకం, ఎర్ర చుక్క జపాన్‌దే. తాతగారు చుక్క సరిగ్గానే చూశారు, ఇంజన్లే ఎక్కువ లెక్కపెట్టారు.

భోగాపురం_బావ
అంటే మా తాత అబద్ధమాడాడంటారా? ప్రాణభయంతో పరిగెత్తేవాడు ఆగి ఇంజన్లు లెక్కపెడతాడా ఏటి?

పొందూరు_నూలు
నేనూ అదే అంటున్నాను కదా!

బొబ్బిలి_పనస
ఎవరో కట్టి ఇచ్చిన ప్లాస్టిక్ ముక్కలు అతికించి "కట్టాను" అనడం నాకు ఎప్పటికీ నవ్వే. మాది బొబ్బిలి, వీణలు చేసే ఇళ్ల పక్కనే. వీణకి ఒకే పనస దుంగ తొలుస్తారు, అందులో మిగిలిన చెక్కతో గత ఏడాది లిబరేటర్ చెక్కాను. రెక్క మొత్తం ఒకే చెక్క. ఆ రెక్క సన్నగా పొడుగ్గా ఉంటుంది చూడండి, మొదట్లో మందంగా మొదలై చివరికి వచ్చేసరికి అరచేతిలో పట్టుకుంటే వంగేటట్టు ఉండాలి, నార అడ్డం తిరిగిన చోట ఉలి పట్టు తప్పి రెండుసార్లు పగిలింది. మూడోసారి వచ్చింది. రంగు వెయ్యలేదు. పనస పసుపు అలాగే వదిలేశాను.

గాజు_అల్మారా
రంగు వెయ్యని బాంబరా? దాన్ని మోడల్ అనరు, ముగ్గుల పీట అంటారు.

బొబ్బిలి_పనస
మీ ఫాయిల్‌లో మా ఇంట్లో పులిహోర చుట్టిస్తారు.

గాజు_అల్మారా
చూడండి తమ్ముడూ, నేను ఎంతమందికి నేర్పానో మీకు తెలీదు. ఈ జిల్లాలో ఎయిర్‌బ్రష్ తెచ్చినవాళ్లలో నేను మొదటివాణ్ణి.

సాలూరు_గరుకుకాగితం
మొన్న కూడా ఇదే అన్నారు, అప్పుడు రెండోవాణ్ణి అన్నారు.

రిటైర్డ్_ఫిట్టర్
పిల్లలూ కొట్టుకోకండి. లిబరేటర్ గురించి ఒకటి చెప్పనా. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్లు కాన్పూర్ చకేరీలో వాటిని వదిలేసి పోయారు, మళ్లీ ఎగరకూడదని చెడగొట్టి మరీ. హాల్ (హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్) వాళ్లు వెళ్లి, ఒకదాని భాగాలు ఇంకోదానికి పెట్టి, 40 పైచిలుకు విమానాలు ఎలాగో గాల్లోకి లేపి బెంగళూరు తీసుకెళ్లి బాగుచేశారు. అవి 1968 దాకా ఎగిరాయి. ప్రపంచం అంతా వాటిని తుక్కు చేశాక కూడా మన దగ్గర ఉన్నాయి. ఇంగ్లండులో ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్) మ్యూజియంలో ఉన్నది కూడా మన దగ్గర్నుంచి పోయిందే. అలాంటి దాన్ని కొత్త పెళ్లికూతురిలా మెరిపించడం ఏంటి, అతుకులు కనపడాలి!

తోక బరువు సంగతి మీ తప్పు కాదు. అసలు విమానమే తోకవైపు జనం ఎక్కువైతే ముక్కెత్తేది, నేల మీద ఉన్నప్పుడు వెనకాల ఊతం పెట్టేవాళ్లు. మీరూ ఒక పుల్ల పెట్టెయ్యండి.

నాగావళి72
పుల్ల పెట్టడం మనసొప్పడం లేదు మాస్టారూ. ఇంకా అద్దాల సంగతి ఎవరూ చెప్పలేదు.

కళింగపట్నం_గుంటడు
వల సీసం గుళ్లు. మా ఇంట్లో డబ్బాడున్నాయి. కాక్‌పిట్ వెనక గోడకీ ముందు చక్రం గూటికీ మధ్య ఖాళీ ఉంటుంది, మిగతావి నాలుగు ఇంజన్ల డొప్పల్లో, రెక్క కంటే ముందుకి వచ్చిన చోట. లెక్కలొద్దు. అన్నీ టేపుతో చుట్టి, పెద్ద చక్రాల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెట్టి, ముక్కు మీద ఒక్కో గుండు పెట్టుకుంటూ పొండి. వంగిన క్షణానికి ఇంకో రెండు కలపండి, రంగు వేస్తే తోక ఇంకా బరువెక్కుతుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, ఆ చేత్తోనే పకోడీ తినకండి.

అద్దాలకి ఫెవికాల్. తెల్లగా ఉన్నా ఆరితే కనపడదు. ఓపిక ఉంటే చాలు.

భోగాపురం_బావ
మా అత్తని అడిగాను. తాత ఎన్ని ఇంజన్లని ఎప్పుడూ చెప్పలేదట, "పెద్ద చప్పుడు" అనేవాడట. నాలుగు అని కలిపింది మా మామయ్య.

పొందూరు_నూలు
సరే బావూ. మామయ్యకి నమస్కారాలు.

గాజు_అల్మారా
సీసం ఇంజన్లలో పెడితే ల్యాండింగ్ గేర్ కాళ్లు వంగుతాయి, ముందే చెప్తున్నాను. నా నాలుగో విమానానికి అలాగే అయింది.

నాగావళి72
పదకొండు గుళ్లు పట్టాయి. మూడు చక్రాల మీదా నిలబడింది, పదిసార్లు వెళ్లి చూసి వచ్చాను. అల్మారా గారూ, కుడి కాలు కొంచెం వంగింది. సూది కాల్చి లోపల గుచ్చి నిలబెట్టాను. ఇప్పుడు కొత్త సందేహం. 1948 అయితే రౌండెల్ అశోక చక్రమా, మూడు రంగులా? కిట్‌తో వచ్చిన డెకాల్‌లో (అతికించే గుర్తుల కాగితం) కాషాయం మధ్యలో, ఆకుపచ్చ బయట ఇచ్చాడు.

పొందూరు_నూలు
మొదట చక్రమే, 1950 నుంచి మూడు రంగులు. అందులో కూడా బయట కాషాయం, మధ్యలో ఆకుపచ్చ. అతికించకండి, వాడు తిరగేశాడు.

బొబ్బిలి_పనస
నేను పనస చెక్క మీద చక్రం చెక్కి ఇస్తాను, 24 ఆకులూ. సైజు చెప్పండి.